మనోదౌర్బల్యం ఎవరిది?

నేటి యువతరానికి గుండెదిటవు లేదన్న వాదం వొకటి కొంతకాలంగా మన మధ్య షికారు చేస్తున్నది. పరీక్ష తప్పితే ప్రాణం తీసుకుంటారట, మందలిస్తే ముడుచుకుపోతారట, చేతిలో సెల్‌ఫోను వుంటే చాలు, లోకం అక్కర్లేదట. వెనకటి తరం మాత్రం గంజి తాగి, వీధిదీపం కింద చదివి, బెత్తం దెబ్బలు తిని గూడా నిబ్బరంగా నిలిచిందట. ఈ మాటలు సభావేదికల మీద మంత్రులు చెబుతారు. కళాశాల వార్షికోత్సవాల్లో వ్యక్తిత్వవికాస నిపుణులు రుసుము పుచ్చుకుని చెబుతారు. టీవీల్లో స్వాములవారు చెబుతారు. వారు చెప్పడంలో వింత లేదు. మన ఉపాధ్యాయ సంఘాల గదుల్లో, సాహిత్య గోష్ఠి ముగిశాక టీకొట్టు దగ్గిర, మనవాళ్లు గూడా వీటినే కాస్త రంగు మార్చి చెప్పడమే వింత. "ఇదంతా మధ్యతరగతి జబ్బు. కూలివాడి కొడుక్కి దిగులుపడే తీరిక ఎక్కడిది?" అని మొన్న వొక మిత్రుడు నాతో అన్నాడు. ముప్పయ్యేళ్లుగా ఉద్యమంలో వున్న మనిషి. ఆయనకు టీకొట్టు దగ్గిరే జవాబు చెప్పి వూరుకోవచ్చు. కాని ఆయన వొక్కడి మాటే అయితే కదా!

నేను శ్రీకాకుళం జిల్లాలో జూనియర్ కళాశాల అధ్యాపకుణ్ణి. ఇరవైరెండేళ్లుగా పదహారు, పదిహేడేళ్ల పిల్లల మధ్య బతుకుతున్నాను. నా తరగతిలో కూర్చునేవారు జీడితోటల కూలీల పిల్లలు, జాలర్ల పిల్లలు, హైదరాబాదు అపార్టుమెంట్లకు కాపలావాళ్లుగా పోయినవారి పిల్లలు, సీతంపేట కొండలనుంచి దిగివచ్చిన సవర, జాతాపు పిల్లలు. వారికి దిగులు వుంటుందా వుండదా అన్నది నాకు సిద్ధాంత చర్చ కాదు, రోజూ కళ్లెదుట కూర్చునే విషయం. తీరిక లేకనే ఆ దిగులు ముదురుతున్నది.

ముందుగా ఆ వెనకటి తరం నిబ్బరం సంగతి చూద్దాం. తెలుగు సాహిత్యంలో పరీక్ష తప్పిన ప్రసిద్ధ విద్యార్థి మన విజయనగరం వాడే: కన్యాశుల్కంలో వెంకటేశం. 1892లో తొలిసారి రంగమెక్కి, 1909లో నేడు మనం చదువుకునే రూపం పొందిన ఆ నాటకం మొదటి అంకంలోనే కుర్రవాడి పరీక్ష పోతుంది. ఇంటికి వెడితే తండ్రి చేతిలో తన గతి ఏమవుతుందోనని హడలిపోతాడు. గిరీశం వెంట వెళ్లి, పాసయ్యాడని బొంకి, గండం గడిపిస్తాడు. మనం నవ్వుతాం. నూరేళ్లకు పైగా నవ్వుతూనే వున్నాం. అలా నవ్వగలగడానికి గురజాడ హాస్యశక్తి వొక్కటే కారణం కాదు. వెంకటేశం తప్పినంత మాత్రాన కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్ల ఇంటి పొయ్యి ఆరిపోదు. పైగా, కొడుకు ఇంగ్లీషు చదువు ఖర్చు లెక్కపెట్టుకుంటున్న ఆ తండ్రికి అమ్మడానికి వొక కూతురున్నది. వెంకటేశం క్షేమం సుబ్బి మెడమీద నిలబడివుంది. గురజాడ ఆ సంగతి దాచలేదు. నవ్వులో పడి మనమే చూడలేదు.

పోనీ, ఆ తరంలో విరిగిపోయినవారు లేరా? ఉన్నారు. లెక్కపెట్టినవారే లేరు. కడుపునొప్పి భరించలేక ఫలానా వూరి యువతి ఆత్మహత్య చేసుకున్నదన్న వార్త తెలుగు పత్రికా పాఠకులకు ఎన్ని దశాబ్దాలుగా పరిచయం! ఈ దేశంలో ఆడపిల్లల కడుపుల్లోనే ఇంతటి నొప్పి ఎందుకు పుడుతున్నదని ఏ వైద్యశాస్త్రజ్ఞుడూ పరిశోధించలేదు. పరిశోధించనక్కర్లేదు గనక. అది జబ్బు పేరు కాదని ఇంట్లోవారికి తెలుసు, పోలీసులకు తెలుసు, విలేఖరికి తెలుసు. అత్తింటి బాధలూ, ఇష్టంలేని పెళ్లీ, ఆగిపోయిన చదువూ అన్నీ ఆ వొక్క కడుపునొప్పి కింద పూడ్చిపెట్టారు. అలా పూడ్చి, పైన నిలబడి, వెనకటి తరం నిబ్బరమైనదని ఉపన్యసిస్తున్నారు.

అయితే నాటికీ నేటికీ తేడా లేదని నేననడం లేదు. తేడా వున్నది. దాన్ని నేను వొక్క మాటలో చెప్పగలను: అప్పు. తల్లిదండ్రులు చేసిన అప్పు నేడు పిల్లవాడి మెదడులోకి ప్రవేశించింది.

ఈ ఆలోచనకు దారి చూపిన కథ మన జిల్లాలోనే పుట్టింది. కాళీపట్నం రామారావు మాస్టారు 1964లో రాసిన 'యజ్ఞం' పేరు తెలియని పాఠకులు ఈ పత్రికకు వుండరు. పెద్దల తీర్పు ప్రకారం పాత అప్పు కింద భూమి పోతే తన బిడ్డ కంబారితనం పాలవుతాడని, సీతారాముడు ఆ పసివాణ్ణి తన చేతులతోనే చంపుకుంటాడు. ఆ ముగింపు సబబా కాదా అని విమర్శకులు ఏళ్ల తరబడి కత్తులు దూసుకున్నారు. నాకు ఆ తగవుకన్నా ముఖ్యంగా కనిపించేది వొకటున్నది. అప్పు వారసత్వంగా దిగుతుంది. దిగేటప్పుడు అది న్యాయంలాగే, ధర్మంలాగే కనిపిస్తుంది. నాటి కంబారి తన శరీరంతో తీర్చేవాడు, రాత్రి పశువులశాలలో పడుకుంటే అతనికి నిద్రయినా పట్టేది. నేటి కంబారికి ఆ నిద్ర గూడా లేదు. ఎందుకంటే తన అప్పుకు తానే కారణమని అతణ్ణి నమ్మించారు.

రెండేళ్ల క్రితం మందస వైపునుంచి వొక కుర్రవాడు మా కళాశాలకు వచ్చాడు. అప్పటికే విశాఖలో వొక ప్రైవేటు కళాశాల హాస్టల్లో మొదటి సంవత్సరం చదివి, రెండో ఏటి ఫీజు కట్టలేక తిరిగివచ్చినవాడు. తెలివైనవాడు. తరగతిలో మాట్లాడడు, అన్నం సరిగా తినడు. వొకనాడు వాడి భౌతికశాస్త్రం నోటుబుక్కు చూస్తుంటే చివరి పేజీలో వొక పట్టిక కనిపించింది. జీడితోట తనఖా యింత, అమ్మ డ్వాక్రా సంఘంలో తీసింది యింత, పెదనాన్న దగ్గిర తెచ్చింది యింత, నూటికి మూడు రూపాయల వడ్డీ చొప్పున నెలనెలా పెరుగుతున్నది యింత. ప్రతి నెలా మొదటి తేదీన మొత్తం సరిచేసుకుంటున్నాడు. "ఇది నీకెందుకురా, మీ నాన్న చూసుకుంటాడు కదా" అన్నాను. "నా గురించే కదా మాస్టారూ సేసినారు. ఇది తీరీదాకా నాకు నిద్దర పట్టదు" అన్నాడు. ఈ మాటలో వ్యక్తిత్వవికాస నిపుణుడికి కనిపించేది ప్రతికూల ఆలోచన. నాకు కనిపించింది లెక్క. నేను కూడి చూశాను, ఎక్కడా తప్పు లేదు.

ఇంకొక లెక్క గూడా కూడి చూద్దాం. 2024లో దేశమంతటా వైద్యవిద్య ప్రవేశపరీక్ష నీట్ రాసినవారు 23 లక్షలకు పైన. ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఎనిమిది వేల చిల్లర. వాటిలో ప్రభుత్వ కళాశాలల సీట్లు సుమారు సగం, తక్కినవి కొనుక్కోగలవారికి. అంటే పిల్లలందరూ రాత్రింబవళ్లు చదివి, అందరూ మేధావులై, అందరికీ గుండెదిటవు పుష్కలంగా వున్నా సరే, 22 లక్షలమంది తప్పిపోక తప్పదు. ఆ ఏడు ప్రశ్నపత్రం బయటికి పొక్కిన గొడవ జరిగిందే, అది లేకపోయినా తప్పదు. పరీక్ష హాలు తలుపు తెరవకముందే నిర్ణయమైపోయిన ఈ వోటమిని, తరువాత వొక్కొక్క పిల్లవాడికీ విడివిడిగా, అతని సొంత చేతగానితనం కింద పంచిపెడుతున్నారు. తప్పినవాడు వ్యవస్థను చూడడు, తన ముఖం చూసుకుంటాడు. ఈ వ్యాపారం మొత్తానికి మూలధనం అదే. 'నువ్వు గట్టిగా ప్రయత్నిస్తే వస్తుంది' అని అమ్మినవాడికి, రానప్పుడు 'నువ్వు గట్టిగా ప్రయత్నించలేదు' అనడం ఎంత సులువు!

ఇక మన ఉత్తరాంధ్ర ప్రత్యేకత వొకటున్నది. పిల్లవాడు తప్పితే వెనక్కి తిరిగిరావడానికి ఇక్కడ ఏదీ మిగల్లేదు. 2018 అక్టోబరు 11న తీరందాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ, జీడినీ నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. వడ్డీ అన్నాళ్లు ఆగదు. అదే ఉద్దానంలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా మూత్రపిండాల జబ్బు ఇంటింటా పెద్దదిక్కును పడగొడుతున్నది. పలాసలో 2023 డిసెంబరులో ఆసుపత్రి తెరిచారు, సంతోషమే. కాని డయాలిసిస్ బల్ల మీద వున్న తండ్రికి కొడుకు చెప్పుకోగలిగిన దిగులు ఏముంటుంది? 2014 జూన్ 28న మద్రాసు శివార్లలో మౌలివాక్కం భవనం కూలి 61 మంది చనిపోతే, వారిలో మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కూలీలు ఎందరో వున్నారు. 2018లో గుజరాతు తీరంనుంచి వేటకు పోయి పాకిస్తాను చెరలో పడిన మన జాలర్లు 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు. ఆ పధ్నాలుగు నెలలూ వారి పిల్లలు బడికి వెళ్లారు. పాఠం విన్నారు. పరీక్షలు రాశారు. ఆ పిల్లల మార్కులు మాత్రం మనం పట్నంలో డాక్టరుగారి అబ్బాయి మార్కుల పక్కన పెట్టి పోల్చాం.

తెల్లవారకముందు మన పల్లె రోడ్లమీద పరుగులు తీసే కుర్రవాళ్లను ఎరుగని వారుండరు. కోడి రామమూర్తి పుట్టిన నేల కదా అని మురిసిపోయేవారు గూడా వున్నారు. అది వ్యాయామాభిమానం కాదు, జీతాభిమానం. సర్కారు నౌకరీల్లో మార్కులతోపాటు కాళ్లకు గూడా విలువ వున్న చోటు సైన్యం. 2020 నుంచి రెండేళ్లు సైన్యం భర్తీలు నిలిపివేసింది. కుర్రవాళ్లు పరుగు ఆపలేదు. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు: నాలుగేళ్ల కొలువు, ఆపైన నూటికి 25 మందికే కొనసాగింపు. అప్పటికే దేహదారుఢ్య పరీక్షలు నెగ్గి రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవారి పాత భర్తీలన్నీ రద్దు. ఇరవైయొకటేళ్ల వాడికి, రెండేళ్లపాటు రోజూ పరుగెత్తిన తరువాత, గమ్యస్థానం తీసేశామని చెప్పడం ఎటువంటి దెబ్బో మనస్తత్వశాస్త్రం చదివితేగాని తెలియదా? ఆ దారి మూసుకుపోయినవాడు ఏజెంటు చేతికి లక్షో లక్షన్నరో పోసి సముద్రం దాటుతాడు. 2024 మే నెలలో కంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చెరనుంచి భారతీయ యువకులు బయటపడినప్పుడు వారిలో ఉత్తరాంధ్ర కుర్రవాళ్లు వుండడం కాకతాళీయం కాదు.

ఇంతమాత్రం చేత సర్కారుకు ఏమీ తెలియదని అనుకోకూడదు. తెలుసు. చాలాకాలంగా తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే కార్పొరేటు జూనియర్ కళాశాలల్లో ఆత్మహత్యలపై నీరదారెడ్డి సంఘం వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి సంఘం వేశారు. పదహారేళ్ల యెడంలో రెండు సంఘాలూ అదే వొత్తిడినీ, అదే విరామం లేని చదువునూ చూశాయి. 2023 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వెలువడిన రెండురోజుల్లో రాష్ట్రంలో తొమ్మిదిమంది విద్యార్థులు చనిపోయారని పత్రికలు రాశాయి. అందులో వొకడు మన జిల్లావాడు. ఆ ఏడు జూలైలో విశాఖలో నీట్ శిక్షణకు వచ్చిన పశ్చిమ బెంగాలు బాలిక వొకతె మరణించింది. ఆ కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటి విద్యాసంస్థలకూ పదిహేను మార్గదర్శకాలు విధించింది. నూరుమందికి పైబడిన విద్యార్థులున్న చోట సలహాదారు వుండాలి, మార్కుల ప్రకారం పిల్లలను వేరువేరు గదుల్లోకి విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు వగైరా. మంచివే. ప్రతిదీ అమలు జరగాలి, జరిపించాలి. కాని ఫీజు గురించి, ఆ ఫీజుకోసం చేసిన అప్పు గురించి, ప్రభుత్వ కళాశాలల్లో ఏళ్ల తరబడి భర్తీకాని అధ్యాపక ఖాళీల గురించి న్యాయస్థానం చెప్పదు. అది చెప్పవలసింది మనం.

2023లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,892 మందని కేంద్ర నేరగణాంక సంస్థ లెక్క. వ్యవసాయంపై ఆధారపడిన రైతులూ కూలీలూ కలిపి 10,786 మంది. రైతు ఆత్మహత్యను మనం ఏనాడూ రైతు పిరికితనం అనలేదు. అనిన పాలకుణ్ణి రోడ్డుమీద నిలదీశాం. ఆ రైతు కొడుకు చనిపోతే మాత్రం సెల్‌ఫోను అంటున్నాం!

ఇక ఇది మధ్యతరగతి జబ్బన్న మిత్రుడికి జవాబు. 1846లో కార్ల్ మార్క్స్ ఆత్మహత్యల మీద వొక వ్యాసం ప్రచురించాడు. పారిస్ పోలీసు దస్తరాలు చూసిన ప్యూషే అనే అధికారి జ్ఞాపకాలనుంచి ఏరి, తన మాటలు కలిపి కూర్చినది. అందులో నాలుగు ఉదంతాలున్నాయి. మూడు స్త్రీలవి, నాలుగోది కొలువు పోయిన వొక సిపాయిది. కార్ఖానా కూలీ వొక్కడూ లేడు. ఇరవయ్యేడేళ్ల మార్క్స్, వీరు శ్రామికులు కారు గనక వీరి చావు మనకు అనవసరమని పక్కన పెట్టలేదు. ఇంట్లో తండ్రి, భర్త చెలాయించే పెత్తనంలో ఆ సమాజపు నిరంకుశత్వమే వున్నదని ఎత్తిచూపాడు. మన ఇళ్లలోకి గూడా అలా తొంగిచూడాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం సగటు 23. అన్న కోచింగు ఫీజు కట్టిన ఏడాదే చెల్లెలి చదువు ఆగడం నేను ఎన్ని ఇళ్లల్లో చూశానో! సుబ్బి ఇంకా అమ్ముడవుతూనే వున్నది. ఆ తరువాత ఆమెకు వచ్చేదే మన పత్రికల కడుపునొప్పి.

ఇక్కడ మరొక ప్రమాదం గూడా వున్నది, అది మన వైపునుంచే. అంతా వ్యవస్థ దోషమే గనక వ్యవస్థ మారితే దిగులు దానంతటదే పోతుందని, అప్పటిదాకా మందులూ వైద్యులూ బూర్జువా ఉపశమనాలేనని వాదించే పిల్లలు నాకు తెలుసు. ఇది భౌతికవాదం కాదు. క్షయరోగానికి పేదరికం కారణమని తెలిసినంత మాత్రాన మందు మానమని ఎవరైనా అంటారా? మనసు మెదడులో పనిచేస్తుంది, మెదడు శరీరభాగం, అది దెబ్బతింటే చికిత్స కావాలి. నోటుబుక్కు కుర్రవాణ్ణి జిల్లా కేంద్రంలో ప్రభుత్వాసుపత్రి మనోవైద్యుడి దగ్గిరకు తీసుకువెళ్లాను. వాళ్ల అమ్మ ముందు చిల్లంగి పెట్టారేమోనని భూతవైద్యుడికి చూపించింది. దానికి మరో నాలుగు వేలు అప్పయింది, పట్టికలో వొక వరస పెరిగింది. మందు వాడిన నెలన్నరకు వాడికి నిద్రపట్టింది. అన్నం తిన్నాడు. అప్పు మాత్రం అలాగే వుంది. ఈ రెంటిలో ఏదీ రెండోదాన్ని కొట్టివేయదు. మందు లేకపోతే వాడు అప్పు ఎవరు మోపారని అడగడానికి గూడా మిగిలేవాడు కాడేమో.

అందుచేత వైద్యాన్ని దానంగా కాక హక్కుగా అడగాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో వొక మానసిక రుగ్మత వున్నట్టు తేలింది. రకరకాల రుగ్మతలున్నవారిలో నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందనివారే. మన వైపు జనానికి మనోవైద్యమంటే వాల్తేరు పిచ్చాసుపత్రి వొక్కటే గుర్తు. ఆ పేరు తిట్టుగా వాడి వాడి, అక్కడికి వెళ్లవలసినవాణ్ణి వెళ్లకుండా చేశాం. 2022 అక్టోబరునుంచి 14416 నంబరుకు ఎవరైనా రాత్రీపగలూ ఉచితంగా ఫోనుచేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రతి తరగతి గదిలో ఆ అంకె రాసి వుంచాలి. ఫోనులో మాట్లాడించి సర్కారు చేతులు దులుపుకుంటే వొప్పుకోకూడదు గూడా.

మన రచయితలతో వొక మాట. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్య గుమస్తా. భయం వాడి వూపిరి. ఆ భయానికి శాస్త్రిగారు నవలంతా యిచ్చారు. భయం ఎవరెవరి చేతులమీదుగా వాడిలోకి దిగిందో చూపారు. నేటి కథల్లో మన కుర్రవాళ్లకు ఆ పాటి చోటు దొరకడం లేదు. నాలుగు పేజీల కథ, మూడోపేజీలో ఫలితాలు, నాలుగో పేజీలో శవం. శవం మీద రచయిత వ్యవస్థను ఖండిస్తాడు. నాకు వచ్చే కథల పోటీ రాతప్రతుల్లో ఇలాంటివి ఎన్నో. ఇది అభ్యుదయం కాదు, సోమరితనం. అంతకన్నా చెడ్డది, ఆ కథ చదివే పదిహేడేళ్లవాడికి, చస్తేగాని నీ మాట ఎవరూ వినరని చెప్పడం. తప్పి, బతికి, మరుసటి నెల సప్లిమెంటరీ రాసినవాడి కథ ఎవరూ రాయరేం? వాళ్లు వందలకొద్దీ వున్నారే! పత్రికలవారు గూడా మరణించిన పిల్లల ఫోటోలూ, వారు చనిపోయిన తీరూ అచ్చువేయడం మానాలి. ర్యాంకుల ప్రకటన వొక పేజీలో, దాని ఫలితం మరో పేజీలో వేసి రెంటిమీదా సంపాదించడం ఎటువంటి వృత్తిధర్మమో వారే చెప్పాలి.

ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ కలిసి చేయవలసినవి నాకు తోచినవి చెబుతాను. ప్రైవేటు కళాశాల ఫీజులకు చట్టబద్ధమైన హద్దు, మధ్యలో మానేసినవారికి ఫీజు వాపసు, ప్రతి మండలంలో అన్ని ఖాళీలూ నింపిన ప్రభుత్వ జూనియర్ కళాశాల, ప్రతి డివిజన్ ఆసుపత్రిలో మనోవైద్యుడు: ఇవి డిమాండ్లు, వీటికి ఏళ్లు పట్టవచ్చు. ఏళ్లు పట్టనిది వొకటున్నది. ఫలితాలు వెలువడిన రోజునుంచి రెండు వారాలపాటు, తప్పిన ప్రతి పిల్లవాడి ఇంటికీ ఇద్దరు మనుషులు వెళ్లాలి. వొకరు అధ్యాపకుడు, వొకరు అంతకుముందు తప్పి పాసయిన విద్యార్థి. సప్లిమెంటరీ తేదీ, రీకౌంటింగు గడువు, ఆసుపత్రి దారి చెప్పాలి. తల్లిదండ్రులతో గూడా మాట్లాడాలి. మా దగ్గిర గత ఏడు పదకొండుమందిమి కలిసి ముప్పయినాలుగు ఇళ్లకు వెళ్లాం. కొన్నిచోట్ల గుమ్మంలోనే నిలబెట్టి పంపేశారు. ఎక్కువచోట్ల కూర్చోబెట్టి టీ యిచ్చారు. ఈ ఏడు ముందుగానే పని మొదలుపెట్టడానికి కళాశాలలో వొక ఖాళీ గది అడిగాం. అర్జీ పెట్టి రెండు నెలలయింది. తాళంచెవి ఇంకా రాలేదు. ప్రస్తుతానికి సైకిల్ స్టాండు పక్కన వేపచెట్టు కింద, శనివారం మధ్యాహ్నాలు కూర్చుంటున్నాం.